లోవెతో ఏడు నెలలు, 21 సీడీలు

నిన్న రాత్రితో 21వ సీడీ కూడా అయిపోయింది. ఏడు నెలలు పట్టింది. వారానికి ఒకటి చొప్పున వినేద్దామని మొదలుపెట్టాను గానీ మధ్యలో రెండుసార్లు విసుగొచ్చి ఆపేశాను, ఒకసారి ఒకే పాట దగ్గర పది రోజులు ఇరుక్కుపోయాను. ఆయన పేరు కార్ల్ లోవె, జర్మన్ స్వరకర్త. ఈ పేరు ఎప్పుడూ వినలేదంటే మీ తప్పేం లేదు. పాశ్చాత్య సంగీతం ఏళ్ల తరబడి వింటున్నవాళ్లలో కూడా చాలామందికి ఈయన గురించి తెలిసింది ఒక్క ముక్కే: 'ఎర్ల్‌కోనిగ్' (దయ్యాల రాజు) అనే కవితకి, పేరున్న స్వరకర్త షూబర్ట్ కట్టిన బాణీ కాకుండా ఇంకోటి కట్టినాయన. నాకూ అంతే తెలుసు, ఈ పెట్టె చేతికొచ్చేదాకా.

పెట్టె అంటే సీపీఓ అనే జర్మన్ సంస్థ తెచ్చిన లోవె పాటలు, బ్యాలడ్ల (కథ చెప్పే పాటల) సంపూర్ణ సంకలనం. మొత్తం 21 సీడీలు. గాయకులు మారుతుంటారు గానీ పియానో దగ్గర మాత్రం మొదటినుంచి చివరిదాకా ఒక్కడే, కోర్ట్ గార్బెన్. ఒక మనిషి తన జీవితంలో ఇన్నేళ్లు ఎవరికీ పట్టని ఒక స్వరకర్త మీద పెట్టాడంటే ఆ మొండితనానికే ముందు దండం పెట్టాలి. అన్నీ గొప్ప పాటలేం కావు, ఆ మాట తర్వాత చెప్తాను.

ముందు మనిషి గురించి కాస్త. లోవె 1796 నవంబర్ 30న హాలె దగ్గర లోబెయూన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. షూబర్ట్ కంటే రెండు నెలలు పెద్ద. తండ్రి చర్చిలో పాట నేర్పే పంతులు, పన్నెండు మంది పిల్లల్లో ఈయనే ఆఖరివాడు. చిన్నప్పుడు కోటెన్‌లో చర్చి గాయకబృందంలో పాడాడు, తర్వాత హాలెలో ట్యుర్క్ అనే సంగీత గురువు దగ్గర నేర్చుకున్నాడు. అప్పట్లో ఆ ప్రాంతం నెపోలియన్ తమ్ముడు జెరోమ్ చేతిలో ఉండేది. ఆ రాజుగారు కుర్రాడి పాట విని ఏడాదికి 300 థాలర్ల భత్యం ఇచ్చాడు. తర్వాత నెపోలియన్ ఓడిపోయాడు, తమ్ముడి రాజ్యం పోయింది, దాంతోపాటు ఈ భత్యమూ పోయింది. 1820లో స్టెటిన్ వెళ్లి ఉద్యోగంలో చేరాడు. బళ్లో పాఠాలు, చర్చిలో ఆర్గన్, ఊరి సంగీత వ్యవహారాలు, అన్నీ ఆయనే. ఒకే ఊళ్లో 46 ఏళ్లు. ఇప్పుడా ఊరు పోలండ్‌లో ఉంది, పేరు ష్చెచిన్.

ఆ ఊరిని చిన్నచూపు చూడకండి. 1827 ఫిబ్రవరిలో స్వరకర్త మెండెల్సన్ రాసిన 'మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' ఓవర్చర్‌ను (ప్రారంభ వాద్యసంగీతాన్ని) మొట్టమొదట జనం ముందు వాయించింది అక్కడే, నడిపించింది లోవెనే. మెండెల్సన్‌కి అప్పుడు 18 ఏళ్లు. అదే కచేరీలో ఇద్దరూ కలిసి రెండు పియానోల కాన్సర్టో (వాద్యబృందంతో కలిసి వాయించే కృతి) కూడా వాయించారు. అంటే ఈయన ఏదో మూల కూర్చుని రాసుకుంటూ ఉండిపోయిన మనిషి కాదు. సెలవులొస్తే ఊళ్లు తిరిగేవాడు, తనే పియానో వాయిస్తూ తన పాటలు తనే పాడేవాడు. 1844లో వియన్నా, 1847లో లండన్. వియన్నాలో ఈయన్ని "ఉత్తర జర్మనీ షూబర్ట్" అన్నారట. పొగడ్తగానే అన్నారు గానీ, ఆ మాటే ఆయన్ని ముంచిందని నాకనిపిస్తుంది. ఇంకొకరి పేరుతో మనిషిని పరిచయం చేస్తే, ఆ ఇంకొకరు దొరికాక ఈయనతో పనేముంటుంది?

తనే పాడి తనే వాయించేవాడన్న సంగతి మీదే నా కథంతా నడుస్తుంది. జర్మన్ పాటను 'లీట్' అంటారు, బహువచనం 'లీడర్' (నాయకులకీ దీనికీ సంబంధం లేదు). లోవె లీడర్ కూడా రాశాడు గానీ ఆయన అసలు సరుకు బ్యాలడ్. అంటే పాటలో కథ. నలుగురు పాత్రలు, ఒక గుర్రం, ఒక హత్య, మధ్యలో గాలివాన, ఇవన్నీ ఒకే గొంతు, ఒకే పియానో మోయాలి. హరిదాసు ఒక్కడే కాసేపు రాముడై, కాసేపు శూర్పణఖై, మధ్యలో తనై మాట్లాడడం మనకి తెలుసు కదా. లోవె బ్యాలడ్‌కి కావలసింది అచ్చం ఆ విద్యే. గొంతు బావుండడం కాదు, చెప్పడం రావాలి. అందుకే ఈయన రికార్డింగుల్లో మంచీ చెడూ మధ్య తేడా అంత ఎక్కువ. షూబర్ట్ పాటని ఎవరైనా ఓ మోస్తరుగా పాడినా ఎంతో కొంత మిగులుతుంది. లోవె బ్యాలడ్‌ని ఓ మోస్తరుగా పాడితే పన్నెండు నిమిషాల శిక్ష.

ఎర్ల్‌కోనిగ్ సంగతి తప్పదు కాబట్టి చెప్పేస్తాను. జర్మన్ మహాకవి గోథే కవిత. రాత్రి, గాలి, జ్వరంతో ఉన్న కొడుకుని పట్టుకుని గుర్రం మీద పోతున్న తండ్రి, పిల్లాడికి మాత్రమే కనిపించే, వినిపించే దయ్యాల రాజు. షూబర్ట్ 1815లో కట్టాడు, లోవె 1818 నాటికి. తమాషా ఏంటంటే ఇద్దరికీ ప్రచురణలో 'ఓపస్ 1', అంటే ఒకటో నంబరు రచన, ఇదే. షూబర్ట్‌ది 1821లో అచ్చయింది, లోవెది మరో రెండు బ్యాలడ్లతో కలిపి 1824లో. షూబర్ట్ పియానోలో గుర్రం డెక్కలు మొదటి క్షణం నుంచి సుత్తిలా మోగుతాయి, వాయించేవాడి మణికట్టు పడిపోతుంది. లోవె అలా భయపెట్టడు. ఆయన దయ్యాల రాజు దాదాపుగా స, గ, ప అనే మూడు స్వరాల మీదే తిరుగుతూ, దూరంగా ఎవరో బూర ఊదినట్టు, గుసగుసగా పిలుస్తాడు. షూబర్ట్ దయ్యం పాట పాడి మభ్యపెడుతుంది, అందులో ఎంతోకొంత మనిషితనం ఉంది. లోవె దయ్యానికి అసలు పాటే లేదు, గాలి లాంటి ఒక చప్పుడు ఉంది, అంతే. తండ్రి ఏమో "అది గాలిరా" అంటాడు కదా, లోవెలో ఆ తండ్రి మాట నిజమేనేమో అనిపిస్తుంది, అదే ఇంకా భయం. ఆపెరాల స్వరకర్త వాగ్నర్ అయితే షూబర్ట్‌ది కాదు, లోవెదే మేలు అనేవాడట. నేనంత దూరం పోను. కానీ ఒకటి వింటే ఇంకొకటి అక్కర్లేదనేవాళ్లతో మాత్రం ఒప్పుకోను.

1820లో లోవె స్వయంగా యేనా వెళ్లి గోథేని కలిశాడు. ఈ పాట వినిపిద్దామనుకుంటే ఆ ఇంట్లో పియానో లేదు! అలా గోథే ముందు పాడకుండానే తిరిగొచ్చాడు. తర్వాత్తర్వాత గోథే మనవడు వాల్టర్ వచ్చి లోవె దగ్గరే సంగీతం నేర్చుకున్నాడు, అది వేరే కథ.

నేను పది రోజులు ఇరుక్కుపోయానన్న పాట ఇది కాదు. అది 'ఎడ్వర్డ్', అదే ఓపస్ 1లోది. పాత స్కాట్లాండ్ జానపద గాథ, హెర్డర్ అనే రచయిత జర్మన్‌లోకి తెచ్చాడు. తల్లి అడుగుతుంది: నీ కత్తికి ఆ నెత్తురేంటి? డేగని చంపానంటాడు కొడుకు. డేగ నెత్తురు అంత ఎర్రగా ఉండదే అంటుంది. గుర్రాన్ని చంపానంటాడు. గుర్రం ముసలిదైపోయింది, దానికింత బాధెందుకు అంటుంది. చివరికి, నాన్నని చంపాను. ఆ తర్వాత నీ ఇల్లేం కావాలి, నీ పెళ్లాం పిల్లలేం కావాలి అని అడుగుతూ పోయి, నీ తల్లికేం ఇస్తావని అడిగేసరికి వాడు శాపం పెడతాడు, ఎందుకంటే చంపమన్నది తల్లే. అక్కడితో పాట అయిపోతుంది. ప్రతి ప్రశ్న తర్వాత, ప్రతి జవాబు తర్వాత "ఓ!" అని ఒక మూలుగు ఉంటుంది. అక్షరం ఒక్కటే. ఆ ఒక్క "ఓ!"ని ఎన్ని రకాలుగా పలకొచ్చో గాయకుడి సత్తా అంతా అక్కడే తెలిసిపోతుంది. 21 ఏళ్ల కుర్రాడు ఇది రాశాడంటే నాకిప్పటికీ నమ్మబుద్ధి కాదు.

దీన్ని డీట్రిష్ ఫిషర్-డీస్కావ్ పాడింది వినండి. యోర్గ్ డేముస్ పియానోతో డాయిచె గ్రామఫోన్ అనే రికార్డు సంస్థకి 1960ల చివర్లో మొదలుపెట్టి లోవె బ్యాలడ్లు చాలానే రికార్డు చేశాడు, ఇప్పటికీ ఎక్కువమందికి లోవె పరిచయమయ్యేది వాటితోనే. తల్లికి ఒక గొంతు, కొడుక్కి ఒక గొంతు, చివర శాపం దగ్గర పాటని దాదాపు వదిలేసి అరుస్తాడు. మొదటిసారి వింటే ఒళ్లు జలదరిస్తుంది. నాలుగోసారి వింటుంటే నాకు మాత్రం ప్రతి హల్లునీ చెక్కి చూపిస్తున్నాడనిపించింది, కథ కంటే కథ చెప్పే తెలివి ముందుకొచ్చేసింది. నాకు ఇలాంటి చోట హెర్మాన్ ప్రై ఎక్కువ నచ్చుతాడు. ఆయన గొంతులో ఒక వెచ్చదనం ఉంటుంది, పక్కన కూర్చుని చెప్తున్నట్టుంటుంది, అక్కడక్కడా అజాగ్రత్తగా కూడా ఉంటాడు, అయినా మనిషి ఉన్నాడు అందులో. ఇక బేస్ గొంతులో కావాలంటే యోజెఫ్ గ్రైండ్ల్. వాగ్నర్ ఆపెరాల ఉత్సవం జరిగే బైరాయిట్‌లో దుష్టపాత్రలు పాడిన గొంతు అది. 1950లలో హెర్తా క్లుస్ట్ పియానోతో చేసిన మోనో రికార్డింగులు. శబ్దం పాతదే, పియానో వెనకగదిలో ఉన్నట్టుంటుంది, ఏం ఫరవాలేదు. కుర్ట్ మోల్ గొంతు ఇంకా లోతు, ఇంకా నున్నన, కానీ ఆ గొంతులో చెడ్డవాళ్లు కూడా మంచివాళ్లలా వినిపిస్తారు, ఏం చేస్తాం.

ఇంకా వెనక్కి వెళ్తే మిఖాయెల్ రౌఖైజెన్ అనే పియానిస్టు రెండో ప్రపంచ యుద్ధకాలంలో బెర్లిన్ రేడియోలో కూర్చుని జర్మన్ పాటలన్నిటినీ టేపుల మీదకి ఎక్కించాలని పూనుకున్నాడు. బయట బాంబులు పడుతుంటే లోపల లోవె. ఆ టేపుల్లో హాన్స్ హాటర్ పాడినవి ఉన్నాయి. ఎవరి డబ్బుతో, ఎవరి పాలనలో జరిగిందో తెలిసి వినాలి, తెలిసి వింటే ఆ గొంతు అందం మీద ఒక నీడ పడుతుంది. పడనివ్వండి.

లోవె మరుగున పడడానికి కూడా ఈ నీడ ఒక కారణమే అనుకుంటున్నాను. అప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యా రాజకుటుంబం అంటే ఈయనకి భక్తి. రాజుల మీద, యుద్ధాల మీద బోలెడు రాశాడు. 'ఫ్రిడెరికుస్ రెక్స్' పాట బాణీ ఏకంగా సైనిక కవాతు సంగీతంలోకి ఎక్కింది. 1945 తర్వాత ఇలాంటివి పాడాలని ఎవరికుంటుంది? మంచి బ్యాలడ్లు కూడా వాటితోపాటే అటక ఎక్కాయి. సంకలనంలో ఇవన్నీ వరసగా వస్తుంటే నేను వంటింట్లోకి వెళ్లి పని చేసుకుంటూ విన్నాను, ఒప్పేసుకుంటున్నా. మతపరమైన కథాగీతాల్లో కూడా కొన్ని అంతులేనివి ఉన్నాయి, నాకు విసుగొచ్చి ఆపేసింది ఆ రెండు చోట్లే.

కానీ అదే యుద్ధం బాపతులోనే 'ప్రిన్స్ ఓయ్‌గెన్' అని ఒక ముత్యం దొరుకుతుంది. ఫ్రైలిగ్రాట్ కవిత. 1717లో బెల్‌గ్రేడ్ ముట్టడి, రాత్రి శిబిరంలో గుర్రాలు విశ్రాంతి తీసుకుంటుంటే ఒక బూర ఊదేవాడు కూర్చుని పాట కడుతుంటాడు. కట్టి, తోటివాళ్లకి నేర్పుతాడు. అప్పుడు లోవె ఏం చేస్తాడంటే, నిజంగానే జనంలో ఉన్న పాత 'ప్రిన్స్ ఓయ్‌గెన్' పాటని అక్కడ దించేస్తాడు, అదీ ఐదు మాత్రల తాళంలో! 19వ శతాబ్దపు జర్మన్ పాటలో ఐదు మాత్రలు వినడం అరుదు. మనకి ఖండగతి అలవాటే కాబట్టి హాయిగా తల ఊపుతాం, కొందరు గాయకులు మాత్రం అక్కడ లెక్కపెట్టుకుంటూ పాడుతున్నారని తెలిసిపోతూ ఉంటుంది. పాట పుట్టడమే ఇక్కడ కథ. ఎంత చిన్న ఊహ, ఎంత సరదా!

ముసలితనంలో రాసినవి ఇంకా బావున్నాయి. ఇది నేను ఊహించలేదు. 'ఆర్కిబాల్డ్ డగ్లస్' 1857 నాటిది, అప్పటికి ఆయనకి అరవై. ఫోంటానె కవిత. ఏడేళ్లు దేశబహిష్కారంలో ఉన్న ముసలి డగ్లస్, ఇంక ఓర్చుకోలేక, రాజు వేటకొచ్చే దారిలో నిలబడి క్షమించమని అడుగుతాడు. రాజు చూడనట్టు గుర్రం తోలుకుపోతాడు. ముసలాయన బరువైన కవచం కిందే గుర్రం కళ్లెం పట్టుకుని పక్కన పరిగెత్తుతాడు. ఆ పరుగంతా పియానోలో ఉంటుంది, ఆయాసంతో సహా. నీ గుర్రాన్ని మేపుతాను, దానికి నీళ్లు పెడతాను, కానీ ఈ గాలి మళ్లీ పీల్చనివ్వు, అదీ కుదరదంటే ఇక్కడే చంపెయ్ అంటాడు. పన్నెండు నిమిషాలు ఇది. మంచి గాయకుడి చేతిలో మీరు గడియారం చూడరు. అదే ఫోంటానె అనువాదంతో కట్టిన 'టామ్ డెర్ రైమర్'లో దయ్యాల రాణి గుర్రానికి కట్టిన వెండి గంటలు పియానో కుడిచేతిలో గలగలమంటాయి. ఒక్క ముద్దుకి ఏడేళ్ల ఊడిగం అని చెప్పినా కథలోని కవి టామ్ నవ్వుతూ ముద్దు పెట్టేసుకుంటాడు. ఇందులో దయ్యాలు భయపెట్టవు. ఎప్పుడైనా మనసు బాలేకపోతే ఇది పెట్టుకుంటున్నాను.

'డీ ఊర్' (గడియారం) గురించి అడిగేవాళ్లుంటారు, ఒకప్పుడు ప్రతి జర్మన్ ఇంట్లో మోగిన పాట. ఎక్కడికెళ్లినా నాతో ఒక గడియారం ఉంటుంది, అంటూ మొదలై అది గుండెకాయ అని తేలుతుంది. బాణీ మంచిదే. నాకు కాస్త తీపెక్కువ.

స్త్రీ గొంతుల సంగతికొస్తే ఒక అన్యాయం ఉంది. షామిసో రాసిన 'ఫ్రౌవెన్‌లీబె' (స్త్రీ ప్రేమ) కవితల మాలకి షూమన్ అనే స్వరకర్త 1840లో కట్టిన పాటలు అందరూ పాడతారు. లోవె అవే కవితలకి 1836లోనే కట్టాడు. షూమన్ భర్త చావు దగ్గర ఆపేసి ఎనిమిదితో ముగిస్తే, లోవె తొమ్మిదో కవితకి కూడా బాణీ కట్టాడు, అందులో ఆమె అవ్వయిపోయి మనవరాలితో మాట్లాడుతుంది. బ్రిగిట్ట ఫాస్‌బెండర్, గార్బెన్‌తోనే, డాయిచె గ్రామఫోన్‌కి పాడింది. ఆ కవితల్లో మొగుణ్ణి దేవుణ్ణి చేసే ధోరణి ఈరోజు చదివితే ఇబ్బందిగానే ఉంటుంది, కానీ ఫాస్‌బెండర్ గొంతులో ఆ పెళ్లికూతురు బొమ్మ కాదు, గట్టి మనిషి. షూమన్ లోతు లోవెకి లేదు, నిజమే. లోవె పిల్ల మాత్రం ఇంకా చిన్నది, ఇంకా మామూలుది, పక్కింటి అమ్మాయిలా ఉంటుంది. నాకు రెండూ కావాలి.

ఆరటోరియోలు ఆయన పదిహేడు రాశాడు, అంటే చర్చి కోసం, కచేరీల కోసం రాసిన పెద్ద బృందగానాలు. వాటిలో రికార్డయినవి ఇటీవలి కాలం దాకా చాలా తక్కువ. ఈమధ్య మ్యూనిక్‌లోని ఆర్కిస్ వోకాలిస్టెన్ అనే బృందం, తోమస్ గ్రోపర్ నిర్వహణలో, 'దాస్ జ్యూనోప్‌ఫర్' అనే క్రీస్తు శ్రమల గానాన్నీ 'యాన్ హుస్'నీ ఓయెమ్స్ సంస్థకి రికార్డు చేసింది. పాతకాలపు వాద్యాలతో శ్రద్ధగా చేశారు. మొదటిది ఒకే బిగిన విన్నాను, కొన్ని బృందగానాలు నిజంగా కదిలించాయి, మిగతావి బాఖ్ దగ్గర అప్పు తెచ్చుకున్నట్టున్నాయి.

వినాలనుకునేవాళ్లకి ఒక్క సలహా. మాటలు ముందు పెట్టుకోకుండా లోవెని వినొద్దు. షూబర్ట్‌కి అది నడుస్తుంది, ఈయనకి నడవదు. కథ తెలియకపోతే పియానో ఎందుకలా గిర్రున తిరుగుతోందో అర్థం కాదు. నేను మొదట ఫోన్‌లో ఒక మ్యూజిక్ యాప్‌లో విన్నాను, అక్కడ మాటల్లేవు, పాట పేర్లు సగంలో తెగిపోయి ఉన్నాయి, ఒకచోటైతే లోవె పాట కింద షూబర్ట్ పేరు వేసి ఉంది (ఇంకెవరు!). సీడీల పుస్తకంలో కవితలన్నీ ఉన్నాయి కాబట్టి బతికిపోయాను. 21 సీడీలు అక్కర్లేదు అనుకుంటే ఫ్లోరియన్ బ్యోష్, రోజర్ విన్యోల్స్ కలిసి హైపీరియన్ సంస్థకి చేసిన ఒక్క సీడీ చాలు. బ్యోష్ అరవడు. దాదాపు మాట్లాడతాడు, మాట్లాడుతూ మాట్లాడుతూ మిమ్మల్ని అడవిలోకి తీసుకెళ్లిపోతాడు.

ఇక నా విషయానికొస్తే, సంపూర్ణ సంకలనం అయిపోయిందన్న తృప్తి ఒక పూట కూడా నిలవలేదు. 'ఓడిన్స్ మేరెస్‌రిట్' (ఓడిన్ దేవుడి సముద్రపు స్వారీ) మళ్లీ పెట్టాను. హెల్గోలాండ్ దీవిలో కమ్మరి, అర్ధరాత్రి తలుపు కొట్టి గుర్రానికి నాడా వెయ్యమనే నల్ల కవచపు రౌతు, చూస్తుండగానే గుర్రం కాలికి తగ్గట్టు పెరిగిపోయే నాడా. హాటర్ పాడింది. అందులో ఆ నాడా పెరిగే చోట పియానో ఏం చేస్తుందో ఇంకా సరిగ్గా పట్టుకోలేకపోయాను. ఇవాళ రాత్రి ఇంకోసారి వినాలి.